కుంగుబాటు మందుల సురక్షిత వినియోగం (అరకులోయ, తూర్పు కనుమల గిరిజన ప్రాంతం)

కుంగుబాటు మందులు అనగా మానసిక కుంగుబాటు అనే వ్యాధికి చికిత్సగా వైద్యులు రాసే ఔషధాలు. వైద్య పరిభాషలో వీటిని యాంటీడిప్రెసెంట్లు అంటారు. తీవ్రమైన ఆందోళన, అకారణ భయం, కొన్ని రకాల దీర్ఘకాలిక నొప్పులకు కూడా వీటిని వాడుతారు. ఇవి మత్తుమందులు కావు, నిద్రమాత్రలు కావు. సరిగా వాడితే ప్రాణాలను నిలుపుతాయి. మధ్యలో హఠాత్తుగా మానివేసినా, కలపకూడని మందులతో కలిపినా, పిల్లల చేతికి చిక్కినా హాని కలిగిస్తాయి. ఈ మందులను జాగ్రత్తగా వాడే పద్ధతిని అరకులోయ, పాడేరు పరిసరాలలోని కొండ గ్రామాల పరిస్థితులకు అన్వయించి వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. మలేరియా, క్షయ, సికిల్ సెల్ రక్తహీనత వంటి వ్యాధులు, వానాకాలంలో తెగిపోయే దారులు, కల్లు, సారా అలవాట్లు ఉన్నచోట ఈ మందులకు సంబంధించిన జాగ్రత్తలు పట్టణంలోని వాటికంటే కొంత ఎక్కువగానే ఉంటాయి.

ప్రాంత నేపథ్యం

అరకులోయ తూర్పు కనుమలలో సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, విశాఖపట్నానికి దాదాపు 115 కిలోమీటర్ల దూరంలో ఉంది. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనికి అరకులోయ, అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట, పెదబయలు, ముంచింగిపుట్టు తదితర మండలాలు వచ్చాయి. ఇక్కడ బగత, వాల్మీకి, కొండదొర, కోటియ, కోందు, పోర్జ, గదబ, నూకదొర, కమ్మర మొదలైన తెగలవారు నివసిస్తున్నారు. వీరిలో చాలామందికి మాతృభాష తెలుగు కాదు. ఆదివాసీ ఒడియా, కువి, పోర్జ, గదబ వంటి భాషలు ఇళ్లలో వినబడతాయి. మందు ఎలా వాడాలో చెప్పే మాట రోగికి అర్థమయ్యే భాషలో చేరకపోవడం ఇక్కడి మొదటి ఇబ్బంది. రెండవది దూరం. గెడ్డ పొంగితే కొన్ని గ్రామాలకు రోజుల తరబడి రాకపోకలు ఉండవు. రోగిని డోలీలో మోసుకొని రోడ్డు వరకు తీసుకురావలసిన పల్లెలు ఇంకా ఉన్నాయి.

కుంగుబాటు అంటే ఏమిటి

కష్టం వచ్చినప్పుడు మనసు బాధపడటం సహజం. పంట పోయినా, మనిషి పోయినా దుఃఖం కలుగుతుంది, క్రమంగా తగ్గుతుంది. కుంగుబాటు అలా కాదు. దిగులు గాని, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గాని కనీసం 2 వారాలపాటు, రోజులో ఎక్కువ సమయం ఉండి, దానితోపాటు నిద్రలేమి లేదా అతినిద్ర, ఆకలి మందగించడం, అలసట, ఏకాగ్రత లోపం, తాను పనికిరానివాడననే భావన, చావు ఆలోచనలు వంటివి చేరి, రోజువారీ పనులు కుంటుపడితే దానిని వ్యాధిగా గుర్తిస్తారు.

పల్లెల్లో చాలామంది దీనిని మనసుకు సంబంధించిన బాధగా చెప్పరు. తల బరువు, గుండెదడ, ఒళ్లు మంటలు, కడుపులో తిప్పడం, కాళ్లు పీకడం అని చెబుతారు. అందువల్ల వ్యాధి గుర్తింపునకు రాక, సెలైన్ బాటిళ్లకు, బలం సూదులకు డబ్బు ఖర్చవుతుంది. బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ ఆధ్వర్యంలో 2015-16లో 12 రాష్ట్రాలలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం సర్వే నాటికి పెద్దవారిలో 2.7 శాతం మంది కుంగుబాటుతో ఉన్నారు. వారిలో నూటికి 80 మందికి పైగా ఎటువంటి చికిత్సా అందలేదు. ఈ 12 రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు.

చరిత్ర

కుంగుబాటు మందుల చరిత్ర క్షయ రోగుల వార్డులో మొదలయింది. 1952లో న్యూయార్క్ నగరంలోని సీ వ్యూ ఆసుపత్రిలో ఇప్రోనియాజిడ్ అనే మందును క్షయ రోగులకు ఇచ్చినప్పుడు వారిలో అనూహ్యమైన ఉత్సాహం కనిపించింది. నేటికీ క్షయకు వాడుతున్న ఐసోనియాజిడ్‌కు అది దగ్గరి బంధువు. 1957లో స్విట్జర్లాండ్ వైద్యుడు రోలాండ్ కూన్ ఇమిప్రమిన్ అనే మందు కుంగుబాటును తగ్గిస్తుందని ప్రకటించాడు. దాని తరువాత అదే కుటుంబానికి చెందిన అమిట్రిప్టిలిన్ వచ్చింది. 1987 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఫ్లూఒక్సెటిన్‌ను ఆమోదించింది. పాతవాటికంటే ప్రమాదం తక్కువ కావడంతో ఈ తరగతి మందులు ప్రపంచమంతటా వ్యాపించాయి. భారతదేశపు 2022 జాతీయ ఆవశ్యక ఔషధాల జాబితాలో అమిట్రిప్టిలిన్, ఎస్సిటలోప్రామ్, ఫ్లూఒక్సెటిన్ ఉన్నాయి.

రకాలు

* ఎస్.ఎస్.ఆర్.ఐ. తరగతి: ఫ్లూఒక్సెటిన్, ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్, పారోక్సెటిన్, ఫ్లూవాక్సమిన్ మొదలైనవి. సాధారణంగా మొదట వీటినే ఎంచుకొంటారు.
* ఎస్.ఎన్.ఆర్.ఐ. తరగతి: వెన్లాఫాక్సిన్, డులోక్సెటిన్. రక్తపోటును గమనిస్తూ వాడాలి.
* ట్రైసైక్లిక్ తరగతి: అమిట్రిప్టిలిన్, ఇమిప్రమిన్. చవకైనవి, బాగా పనిచేస్తాయి. కాని మోతాదు మించితే గుండెకు అపాయం.
* మిర్టాజపిన్: నిద్ర, ఆకలి బాగా తగ్గినవారికి ఉపయోగపడుతుంది. బరువు పెరగవచ్చు.
* ఎం.ఎ.ఓ. నిరోధకాలు: అన్నిటికంటే పాతవి. ఇప్పుడు చాలా అరుదుగా వాడుతారు.

పనిచేసే విధానం

మెదడులోని నాడీకణాలు ఒకదానికొకటి సందేశాలు పంపుకోవడానికి సెరొటోనిన్, నారెడ్రినలిన్ వంటి రసాయనాలను విడుదల చేస్తాయి. పని ముగిశాక విడుదల చేసిన కణమే వాటిని తిరిగి లోపలికి తీసుకొంటుంది. ఎక్కువ భాగం కుంగుబాటు మందులు ఈ తిరిగి తీసుకొనే ప్రక్రియను అడ్డుకొంటాయి. అందువల్ల ఆ రసాయనాలు కణాల మధ్య ఎక్కువసేపు నిలుస్తాయి.

ఈ మార్పు మందు వేసుకొన్న కొద్ది గంటలలోనే మొదలవుతుంది. కాని మనసు తేలికపడటానికి వారాలు పడుతుంది. ఆ మార్పునకు మెదడు క్రమంగా సర్దుకోవడమే అసలు ప్రయోజనానికి కారణమని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. కేవలం సెరొటోనిన్ తక్కువ కావడమే కుంగుబాటు అన్న వివరణ వ్యాధిని మరీ సులభం చేసి చెప్పడమే అవుతుంది. వంశపారంపర్యం, జీవితంలోని కష్టాలు, శరీర వ్యాధులు, మద్యం అన్నీ ఇందులో పాలు పంచుకొంటాయి. తేలికపాటి కుంగుబాటుకు మందు మొదటి చికిత్స కాదు. మాట్లాడే చికిత్స, సమస్యల పరిష్కారం, కుటుంబ సహాయం ముందుగా ప్రయత్నించాలి. మధ్యస్థ, తీవ్ర స్థాయిలలో మందు అవసరం పెరుగుతుంది.

మందు ప్రారంభించే ముందు

కుంగుబాటులా కనిపించే శరీర వ్యాధులు కొన్ని ఉన్నాయి. రక్తహీనత, థైరాయిడ్ గ్రంథి మందగించడం, క్షయ వంటివి నీరసం, నిరాసక్తత కలిగిస్తాయి. కాబట్టి హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించడం మంచిది. వైద్యునికి తప్పక తెలుపవలసిన విషయాలు ఇవి:

# గతంలో ఎప్పుడైనా కారణం లేకుండా అతి హుషారు, నిద్ర అవసరం లేకపోవడం, విపరీతమైన మాటలు, దుబారా ఖర్చు వంటివి కొన్ని రోజులపాటు కనిపించాయా? అవి బైపోలార్ వ్యాధి లక్షణాలు కావచ్చు. అటువంటివారికి కుంగుబాటు మందు ఒక్కటే ఇస్తే ఉన్మాద స్థితి రావచ్చు.
# మూర్ఛ, గుండెజబ్బు, నీటికాసులు, ప్రోస్టేట్ వాపు, కాలేయ వ్యాధి ఉన్నాయా? వీటిలో చాలావాటిలో అమిట్రిప్టిలిన్ వాడకం ప్రమాదకరం.
# ప్రస్తుతం ఏయే మందులు వాడుతున్నారు? నాటు మందులు, ఆకులు, వేళ్లు, కషాయాలు కూడా ఇందులోకి వస్తాయి.
# కల్లు, సారా, గంజాయి అలవాటు ఉందా?
# గర్భవతియా? పాలిచ్చే తల్లియా?

గ్రామంలో దిసారి వద్దకు వెళ్లి పూజ చేయించుకొన్నవారు ఆ సంగతి దాచవలసిన పని లేదు. పూజకు, మందుకు విరోధం లేదు. మందు మానివేయమని ఎవరైనా చెబితేనే చిక్కు. లోపలికి తీసుకోమని ఇచ్చిన మూలిక ఏదైనా ఉంటే దానిని వైద్యునికి చూపించాలి.

వాడే పద్ధతి

చిన్న మోతాదుతో మొదలుపెట్టి క్రమంగా పెంచడం సాధారణ నియమం. పెద్దవారికి ఫ్లూఒక్సెటిన్ రోజుకు 20 మిల్లీగ్రాములు, ఎస్సిటలోప్రామ్ 5 నుండి 10 మిల్లీగ్రాములు, సెర్ట్రలిన్ 50 మిల్లీగ్రాములు, అమిట్రిప్టిలిన్ 25 మిల్లీగ్రాములు తరచు కనిపించే ప్రారంభ మోతాదులు. ఇవి అవగాహన కొరకు ఇచ్చిన అంకెలు మాత్రమే. ఎవరికి ఎంత అన్నది వైద్యుడే నిర్ణయించాలి. ఈ మందులు షెడ్యూల్ హెచ్ లోనివి, కాబట్టి చీటీ లేకుండా అమ్మరాదు, కొనరాదు.

ఫ్లూఒక్సెటిన్ నిద్రను చెడగొట్టవచ్చు కాబట్టి ఉదయం వేసుకొంటారు. అమిట్రిప్టిలిన్, మిర్టాజపిన్ మగత కలిగిస్తాయి కాబట్టి రాత్రి వేసుకొంటారు. వికారం కలిగితే ఖాళీ కడుపున కాక చోడి అంబలి తాగాకనో, అన్నం తిన్నాకనో వేసుకోవాలి. చదువు రానివారికి అట్టపై సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ గీసి ఇస్తే ఉదయం మాత్ర ఏది, రాత్రి మాత్ర ఏది అన్నది సులభంగా తెలుస్తుంది.

ఒక పూట మరచిపోతే అదే రోజు గుర్తు వచ్చినప్పుడు వేసుకోవచ్చు. మరుసటి రోజు గుర్తు వస్తే ఆ రోజు మాత్ర మాత్రమే వేసుకోవాలి. రెండు మాత్రలు ఒకేసారి మింగరాదు.

ఫలితం కనిపించడానికి 2 నుండి 4 వారాలు, పూర్తిగా తెలియడానికి 6 నుండి 8 వారాలు పట్టవచ్చు. మొదట నిద్ర, ఆకలి కుదురుకొంటాయి, మనసు తేరుకోవడం తరువాత. చాలామంది వదిలివేసేది ఈ మొదటి వారాలలోనే. అప్పటికి దుష్ప్రభావాలు కనిపిస్తాయి, మేలు ఇంకా కనిపించదు. ఈ సంగతి మందు ఇచ్చిన రోజునే రోగికి, ఇంటివారికి చెప్పాలి. బాగుపడిన తరువాత కూడా మొదటిసారి వ్యాధి వచ్చినవారు కనీసం 6 నుండి 9 నెలలు మందు కొనసాగించాలి. వ్యాధి తిరిగి తిరిగి వచ్చేవారికి ఇంకా ఎక్కువ కాలం అవసరం కావచ్చు.

దుష్ప్రభావాలు

ఎస్.ఎస్.ఆర్.ఐ. తరగతిలో మొదటి వారాలలో వికారం, విరేచనాలు, తలనొప్పి, నిద్ర చెదరడం, కంగారు కలగవచ్చు. ఇవి సాధారణంగా ఒకటి రెండు వారాలలో తగ్గుతాయి. లైంగిక ఆసక్తి తగ్గడం, స్ఖలనం ఆలస్యం కావడం తరచు కనిపించేవే. సిగ్గుపడి ఎవరూ చెప్పరు, మందు మాత్రం మానివేస్తారు. వైద్యునికి చెబితే మోతాదు గాని మందు గాని మార్చవచ్చు.

అమిట్రిప్టిలిన్ వంటి వాటితో నోరు ఎండిపోవడం, మలబద్ధకం, చూపు మసకబారడం, మూత్రం సరిగా రాకపోవడం, లేచి నిలబడగానే కళ్లు తిరగడం, మగత కలుగుతాయి. జీపులు, ఆటోలు నడిపేవారు, చెట్లు ఎక్కి కల్లు గీసేవారు, కాఫీ తోటలలో నీడచెట్ల కొమ్మలు కొట్టేవారు మందు తమపై ఎలా పనిచేస్తున్నదో తెలిసేవరకు ఆ పనులకు దూరంగా ఉండాలి. పొగమంచు కమ్మిన ఘాట్ రోడ్డుపై మగతతో వాహనం నడపడం తనకే కాక పదిమందికీ ప్రమాదం.

వృద్ధులలో ఎస్.ఎస్.ఆర్.ఐ. మందుల వలన రక్తంలో సోడియం తగ్గవచ్చు. అయోమయం, తూలిపోవడం, తలనొప్పి, మితిమీరిన మగత దీని గుర్తులు. ముసలితనమని సరిపెట్టుకోక ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

ఇతర మందులతో కలిసినప్పుడు

ఈ ప్రాంతంలో అన్నిటికంటే శ్రద్ధ వహించవలసిన విషయం ఇదే. జ్వరానికి ఒకచోట, క్షయకు ఒకచోట, నొప్పులకు మరొకచోట మందు దొరుకుతుంది. ఒకరు ఇచ్చినది మరొకరికి తెలియదు.

* మలేరియా: వైవాక్స్ మలేరియాకు ఇచ్చే క్లోరోక్విన్ గుండె విద్యుత్ స్పందనలోని ఒక వ్యవధిని పొడిగిస్తుంది. ఎస్సిటలోప్రామ్, సిటలోప్రామ్, అమిట్రిప్టిలిన్ కూడా అదే పని చేస్తాయి. రెండూ కలిస్తే గుండె లయ తప్పే అవకాశం పెరుగుతుంది. మలేరియా మందు మానరాదు. కుంగుబాటు మందు వాడుతున్నట్లు ఏ.ఎన్.ఎం.కు గాని వైద్యునికి గాని చెప్పాలి. గుండెజబ్బు ఉన్నవారికి ఇ.సి.జి. తీయించి నిర్ణయిస్తారు. మెఫ్లోక్విన్ అనే మలేరియా మందును కుంగుబాటు ఉన్నవారికి నివారణగా ఇవ్వరు.
* క్షయ: రిఫాంపిసిన్ కాలేయంలోని ఎంజైములను చురుకు చేసి, సెర్ట్రలిన్, అమిట్రిప్టిలిన్ వంటి మందులు రక్తంలో త్వరగా తగ్గిపోయేలా చేస్తుంది. అప్పుడు కుంగుబాటు మందు పనిచేయనట్లు కనబడవచ్చు. మందులకు లొంగని క్షయకు వాడే లినెజోలిడ్ అనే మందుకు ఎం.ఎ.ఓ. నిరోధక గుణం ఉంది. ఎస్.ఎస్.ఆర్.ఐ.తో అది కలిస్తే కింద వివరించిన సెరొటోనిన్ సిండ్రోమ్ రావచ్చు.
* నొప్పి మందులు: డైక్లోఫినాక్, ఐబూప్రోఫెన్, ఆస్పిరిన్ వంటివి ఎస్.ఎస్.ఆర్.ఐ. మందులతో కలిస్తే కడుపులో రక్తస్రావం జరిగే ప్రమాదం పెరుగుతుంది. నల్లని మలం, రక్తపు వాంతి అపాయ సూచనలు. సాధారణ జ్వరానికి, ఒళ్లునొప్పులకు తగిన మోతాదులో పారాసిటమాల్ సురక్షితం.
* సికిల్ సెల్ వ్యాధి: గిరిజన ప్రాంతాలలో ఎక్కువగా కనిపించే ఈ వ్యాధిని నిర్మూలించడానికి కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఈ వ్యాధిలో తీవ్రమైన నొప్పికి ఇచ్చే ట్రమడాల్ కుంగుబాటు మందులతో కలిస్తే మూర్ఛకు, సెరొటోనిన్ సిండ్రోమ్‌కు దారితీయవచ్చు. సికిల్ సెల్ కార్డుపై కుంగుబాటు మందు పేరు కూడా రాయించుకోవడం మంచిది.
* దగ్గు మందు: డెక్స్ట్రోమెథార్ఫన్ కలిసిన దగ్గు సిరప్‌ను వైద్యుని అడగకుండా వాడరాదు.
* సర్పగంధి: తూర్పు కనుమలలో లభించే ఈ మొక్క వేరును నాటు వైద్యంలో నిద్రకు, రక్తపోటుకు వాడుతారు. దీని నుండి 1952లో రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. అది నాడీకణాలలోని సెరొటోనిన్, నారెడ్రినలిన్ నిల్వలను తరిగించివేస్తుంది. అంటే కుంగుబాటు మందు చేసే పనికి ఎదురు నడుస్తుంది. కుంగుబాటు ఉన్నవారికి రిసర్పిన్ ఇవ్వరాదని వైద్యశాస్త్రం చెబుతుంది. కాబట్టి ఈ వేరును కూడా వారు వాడరాదు.

కల్లు, సారా, గంజాయి

జీలుగు కల్లు, ఇప్పసారా కొండ పల్లెలలో పండుగలకు, పెళ్లిళ్లకు, అతిథి మర్యాదకు ముడిపడి ఉన్నాయి. మద్యం కుంగుబాటును పెంచుతుంది, మందు గుణాన్ని తగ్గిస్తుంది, అమిట్రిప్టిలిన్ వంటి వాటి మగతను ప్రమాదకర స్థాయికి తెస్తుంది. చికిత్స కాలంలో పూర్తిగా మానడం ఉత్తమం. ఇటుకల పండుగ వంటి సందర్భాలలో తాగబోతున్నామని మాత్ర మానివేయడం మరొక పొరపాటు. వద్దనుకోవలసింది మద్యాన్ని గాని మాత్రను కాదు. ఏళ్ల తరబడి రోజూ అధికంగా తాగేవారు ఒక్కసారిగా ఆపితే వణుకు, మూర్ఛ, మతిభ్రమ రావచ్చు. వారు వైద్యుని పర్యవేక్షణలోనే మానాలి. గంజాయి ట్రైసైక్లిక్ మందులతో కలిస్తే గుండె వేగం బాగా పెరుగుతుంది. పైగా గంజాయి మనోవ్యాధులను తీవ్రం చేస్తుంది.

అరకు కాఫీ విషయంలో భయపడవలసింది లేదు. అయితే ఫ్లూవాక్సమిన్ వాడేవారిలో కాఫీలోని కెఫీన్ శరీరం నుండి నెమ్మదిగా పోతుంది. గుండెదడ, నిద్రలేమి ఉంటే కాఫీ, టీ తగ్గించాలి.

సెరొటోనిన్ సిండ్రోమ్

సెరొటోనిన్ శరీరంలో మితిమీరినప్పుడు వచ్చే అత్యవసర స్థితి ఇది. మోతాదు పెంచినప్పుడు గాని, మరొక మందు కలిసినప్పుడు గాని సాధారణంగా కొన్ని గంటల నుండి ఒక రోజులోపు బయటపడుతుంది. వణుకు, విపరీతమైన చెమట, జ్వరం, విరేచనాలు, గుండెదడ, కండరాలు అదరడం, బిగుసుకోవడం, కలవరం దీని లక్షణాలు.

వణుకు, జ్వరం, చెమట అనగానే ఈ కొండలలో అందరికీ మొదట గుర్తుకు వచ్చేది మలేరియాయే. రక్తపరీక్ష వెంటనే చేయించవలసిందే. కాని రోగి కుంగుబాటు మందు వాడుతూ ఉండి, కొత్తగా మరొక మందు మొదలుపెట్టి ఉంటే ఆ సంగతి కూడా చెప్పాలి. కాళ్లు తనంతట తాను అదరడం, కనుపాపలు పెద్దవి కావడం ఉంటే సెరొటోనిన్ సిండ్రోమ్‌ను అనుమానించాలి. ఆ మందులు ఆపి రోగిని ఆలస్యం లేకుండా 108 వాహనంలో ఆసుపత్రికి చేర్చాలి. వాడుతున్న అట్టలన్నీ వెంట తీసుకొనిపోవాలి.

హఠాత్తుగా ఆపితే

వారాల తరబడి వాడిన మందును ఒక్కసారిగా ఆపితే కళ్లు తిరగడం, తలలో షాక్ కొట్టినట్లు ఉండటం, వికారం, చిరాకు, పీడకలలు, ఏడుపు రావచ్చు. పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ మందులతో ఇది ఎక్కువ. శరీరంలో చాలా రోజులు నిలిచే ఫ్లూఒక్సెటిన్‌తో తక్కువ. ఆ తరువాత అసలు వ్యాధి తిరగబెట్టే ముప్పు ఉంది. అందువల్ల ఆపదలచినప్పుడు వైద్యుని సలహాతో వారాలు లేదా నెలలపాటు మోతాదు తగ్గిస్తూ రావాలి.

కొండ గ్రామాలలో మందు ఆగిపోవడానికి రోగి అయిష్టం కంటే దారి తెగిపోవడం, కూలి పోతుందన్న భయం, చార్జీలకు డబ్బు లేకపోవడం ఎక్కువగా కారణమవుతాయి. దీనికి కొన్ని ఉపాయాలు ఉన్నాయి:

* చివరి మాత్ర అయ్యేవరకు ఆగక, పది రోజుల మందు మిగిలి ఉండగానే తెచ్చుకోవాలి.
* సంతకు వెళ్లే రోజునే మందు తెచ్చుకొనే రోజుగా పెట్టుకోవాలి.
* జూన్ నుండి అక్టోబరు వరకు గెడ్డలు పొంగే గ్రామాలవారు ముందుగానే వైద్యునికి చెప్పి ఎక్కువ రోజులకు మందు రాయించుకోవాలి. అయితే రోగికి చావు ఆలోచనలు ఉంటే ఎక్కువ మందు ఇంటికి ఇవ్వడం ప్రమాదం. అప్పుడు ఆ మందును ఆశా కార్యకర్త గాని, ఇంటిలోని మరొక పెద్ద గాని తమ దగ్గర ఉంచుకొని ఏరోజుకారోజు ఇవ్వాలి.
* పనుల కోసం వలసపోయేవారు చీటీని, అట్టను వెంట ఉంచుకోవాలి.

నిల్వ చేయడంలో కూడా జాగ్రత్త అవసరం. వానాకాలపు చెమ్మకు మాత్రలు పాడవుతాయి. పొయ్యి దగ్గర, చూరులో పెట్టరాదు. మూత బిగిసే డబ్బాలో, పిల్లలకు అందని ఎత్తులో తాళం వేసి ఉంచాలి. పెద్దలకు మేలు చేసే అమిట్రిప్టిలిన్ మాత్రలు కొన్ని మింగినా చిన్న పిల్లల ప్రాణానికి ముప్పు.

ప్రత్యేక జాగ్రత్తలు అవసరమైనవారు

గర్భిణులు, బాలింతలు: గర్భం అని తెలియగానే భయపడి మందు ఆపివేయరాదు. చికిత్స లేని కుంగుబాటు తల్లికి, బిడ్డకు కూడా చేటు. గర్భధారణ సమయంలో, పాలిచ్చే కాలంలో సెర్ట్రలిన్‌ను ఎక్కువగా ఎంచుకొంటారు. తల్లిపాలలోకి అది చాలా తక్కువగా చేరుతుంది. గర్భం తొలి నెలలలో పారోక్సెటిన్‌ను సాధారణంగా వాడరు. ప్రసవం తరువాత తల్లి బిడ్డను పట్టించుకోకపోవడం, నిద్రపోకపోవడం, ఏడవడం గాలి సోకడమని కొట్టివేయక ఏ.ఎన్.ఎం.కు చెప్పాలి.

పిల్లలు, యువకులు: 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందులు పిల్లలలో, కౌమారులలో ఆత్మహత్య ఆలోచనలను పెంచవచ్చునని తీవ్ర హెచ్చరికను విధించి, 2007లో దానిని 24 ఏళ్ల వయసు వరకు విస్తరించింది. అంటే వారికి మందు నిషిద్ధమని కాదు. మొదటి వారాలలో, మోతాదు మార్చినప్పుడు దగ్గరి నుండి గమనించాలని అర్థం. పిల్లలలో ఫ్లూఒక్సెటిన్‌కు ఆధారాలు ఎక్కువ. గిరిజన ఆశ్రమ పాఠశాలలలో చదివే విద్యార్థి మందు వాడుతుంటే ఆ విషయం వార్డెన్‌కు తెలియాలి, మాత్రలు వార్డెన్ దగ్గర ఉండాలి, తోటి పిల్లలలో ప్రచారం కారాదు. సెలవులకు ఇంటికి పోయేటప్పుడు సరిపడా మందు, రాసిన సూచనలు ఇచ్చి పంపాలి.

వృద్ధులు: సగం మోతాదుతో మొదలుపెట్టడం మంచిది. కిందపడే ప్రమాదం, సోడియం తగ్గడం, ఇతర మందులతో చర్యలు వీరిలో ఎక్కువ.

ఆత్మహత్య ఆలోచనలు

తీవ్రమైన కుంగుబాటులో ఉన్నవారికి మందు మొదలైన కొత్తలో ఒక్కోసారి మనసు తేరుకోకముందే శరీరంలో చురుకుదనం వస్తుంది. ఇంటివారు అప్రమత్తంగా ఉండవలసిన సమయం అది. కొత్తగా కంగారు, ఒకచోట నిలవలేకపోవడం, నిద్ర పూర్తిగా పోవడం, ఇక సెలవన్నట్లు మాట్లాడటం కనిపిస్తే ఒంటరిగా వదలరాదు. పురుగుమందులు, మాత్రల నిల్వలు ఇంటి నుండి తొలగించాలి. చావు ఆలోచనలు వస్తున్నాయా అని నేరుగా, మెత్తగా అడగవచ్చు. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. చెప్పుకొన్నవారి భారం తగ్గుతుంది.

కేసు అవుతుందన్న భయంతో ఆసుపత్రికి తీసుకొనిపోకుండా ఆలస్యం చేయరాదు. 2018 మే 29న అమలులోకి వచ్చిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లు భావించాలి. ఆ వ్యక్తికి సంరక్షణ, చికిత్స అందించడం ప్రభుత్వ బాధ్యత.

ఈ పరిస్థితిలో ఉన్నవారు గాని వారి కుటుంబ సభ్యులు గాని 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఇది 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానస్ అనే కేంద్ర ప్రభుత్వ ఉచిత సేవ. పగలు, రాత్రి పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఫోన్ సిగ్నల్ లేని పల్లెలలో ఆశా కార్యకర్తకు, ఉపాధ్యాయునికి చెప్పినా సహాయానికి దారి దొరుకుతుంది.

వైద్య సదుపాయాలు

మొదటి మెట్టు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. ఆపైన అరకులోయ ఏరియా ఆసుపత్రి, పాడేరు ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నాయి. విశాఖపట్నంలోని కింగ్ జార్జి ఆసుపత్రి, చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల పెద్ద కేంద్రాలు. 1982లో మొదలైన జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద 1996 నుండి జిల్లా స్థాయి కార్యక్రమం నడుస్తున్నది. మానసిక వైద్య నిపుణుడు ఒకసారి చూసి మందు నిర్ణయించిన తరువాత, నెలవారీ మందును దగ్గరి ఆసుపత్రిలో ఇప్పించే వీలు ఉందేమో అడగాలి. ఎత్తైన గ్రామం నుండి ప్రతి నెలా విశాఖపట్నం పోవలసి వస్తే చికిత్స ఎక్కువ కాలం సాగదు.

అపోహలు

* ఈ మందులు వేసుకొంటే పిచ్చి అని ముద్ర పడుతుంది: కుంగుబాటు మధుమేహం, రక్తపోటు వంటి వ్యాధే. చికిత్స పొందడం సిగ్గుపడవలసిన విషయం కాదు.
* ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వాడాలి: చాలామంది కొన్ని నెలల తరువాత వైద్యుని సలహాతో మానగలుగుతారు.
* అలవాటు పడిపోతాము: మద్యం మీద కలిగే యావ వంటిది వీటిపై కలగదు. హఠాత్తుగా ఆపితే ఇబ్బంది కలగడం వేరు, వ్యసనం వేరు. అల్ప్రజోలం వంటి నిద్రమాత్రలకు మాత్రం అలవాటుపడే ప్రమాదం ఉంది. వాటిని కుంగుబాటు మందులుగా పొరబడి నెలల తరబడి వాడరాదు.
* పొరుగువారికి తగ్గింది కాబట్టి అదే మాత్ర నాకూ పనిచేస్తుంది: ఒకరి మందు మరొకరికి ఇవ్వడం అపాయం.
* బాగైంది కనుక ఇక మందు అక్కరలేదు: బాగుండటానికి మందే కారణం కావచ్చు. వ్యాధి తిరగబెట్టేది ఎక్కువగా ఇలా ముందుగా ఆపినప్పుడే.

ఇవి కూడా చూడండి

* అరకులోయ
* పాడేరు
* అల్లూరి సీతారామరాజు జిల్లా
* తూర్పు కనుమలు
* మలేరియా
* క్షయ
* సికిల్ సెల్ వ్యాధి
* సర్పగంధి